నాయన ఉద్యోగం నేను వదిలిన నాటి సంగతి

మా నాయన టెలిఫోన్ లైన్‌మన్. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకు వేసిన తీగల్లో సగం ఆయన భుజం మీద మోసుకెళ్ళినవే. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక గాలివాన మరునాడు, తెగిన తీగ సరిచేయడానికి స్తంభమెక్కి అక్కడి నుంచి పడ్డాడు. మదనపల్లె ఆసుపత్రిలో రెండు రోజులుండి పోయాడు. కొన్నాళ్ళకు, ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తామని కాగితం వచ్చింది. అమ్మకు చదువు లేదు. తమ్ముడు అప్పటికి పదో తరగతి. కాబట్టి ఆ ఉద్యోగం నాది అయింది. తొంభై ఒకటిలో, ఇరవై ఏళ్ళ వయసులో, పుంగనూరు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను.

అప్పట్లో ఊళ్ళో ఎవరైనా ఫోనెత్తితే నా ముందున్న బోర్డు మీద చిన్న రేకు మూత టక్కుమని పడేది. తీగ అందుకుని ఆ రంధ్రంలో గుచ్చి నంబరు అడగాలి. బెంగుళూరుకో, మద్రాసుకో అయితే ట్రంక్ కాల్ రాసుకోవాలి. లైను దొరికేదాకా అవతలివాళ్ళు ఊరికే ఉండరు. “ఎక్స్ఛేంజమ్మా, ఇంగా ఎంతసేపమ్మా?” అని నిమిషానికోసారి అడిగేవారు. నా పేరు ఎవరికీ తెలియదు. నాకు మాత్రం వాళ్ళ గొంతులన్నీ తెలుసు. ఎవరికి దగ్గుందో, ఎవరు అబద్ధం చెప్పేముందు గొంతు సవరించుకుంటారో కూడా తెలుసు.

ఒకరోజు పొద్దున బజారు వీధిలో బట్టలంగడి నడిపే ఆయన బెంగుళూరు ఆసుపత్రికి లైట్నింగ్ కాల్ కావాలన్నాడు. అన్నిటికంటే ముందు కలపాల్సిన కాల్ అది. కూతురు ప్రసవానికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఆ రోజంతా ఆయనకు నాలుగుసార్లు లైను కలిపాను. సాయంత్రం గండం గడిచిందని అవతలివాళ్ళు చెప్పినప్పుడు ఆయన ఏడ్చిన ఏడుపు నా చెవిలోనే పడింది. రెండు రోజుల తర్వాత రవికె గుడ్డ కోసం ఆ అంగడికి వెళ్ళాను. ఆయన గుడ్డలు పరుస్తూ, “యా ఊరమ్మా మీది? కొత్తగా ఉండారే,” అన్నాడు. పాప ఎట్లుండాది అని అడగాలని నోటి చివరిదాకా వచ్చింది. ఆపరేటరు విన్నది బయట మాట్లాడకూడదు. నీలం గుడ్డ ఒకటి కట్టించుకుని వచ్చేశాను. ఇంటికి నడుస్తుంటే, ఊరంతా తెలిసీ ఊళ్ళో ఎవరికీ తెలియని మనిషినయ్యానని మొదటిసారి అనిపించింది.

పెళ్ళి సంబంధాలు రెండు మూడు వచ్చాయి. ఒకరికి నా రాత్రి డ్యూటీలు నచ్చలేదు, ఒకరు నాకు నచ్చలేదు. తర్వాత రావడం మానేశాయి. ఇంట్లో కూడా ఆ మాటెత్తడం మానేశారు.

తొంభై ఏడులో పుంగనూరుకు కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. ఇక ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకోవచ్చు. మా బోర్డును విప్పి, తీగలను కట్టలు కట్టి ఎక్కడికో పంపేశారు. నన్ను మదనపల్లెకు బదిలీ చేశారు. అక్కడ నా పని ఫిర్యాదులు రాసుకోవడం. ఫోను పనిచేయని వాళ్ళు పక్కింటి నుంచో బూత్ నుంచో వన్ నైన్ ఎయిట్‌కు చేసి అరుస్తారు. నేను నంబరు, వీధి రాసుకుని చీటీ లైన్‌మన్ల పెట్టెలో వేస్తాను. మేడ మీద చివరి గది నాది. ఒక కుర్చీ, ఒక బల్ల, రెండు ఫోన్లు. చీటీలు తీసుకెళ్ళే మనిషి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చేవాడు. ఫోనులో తిట్టినవాళ్ళను వదిలేస్తే, మనిషితో మాట్లాడకుండా గడిచిన రోజులు చాలానే ఉన్నాయి.

ఆ సంగతి నాకు నేను ఒప్పుకున్నది గాజుల అంగట్లో. మదనపల్లెలో నెలకోసారి గాజులు వేయించుకునేదాన్ని. చేతికి ఉన్నవి బాగానే ఉన్నా వెళ్ళేదాన్ని. గాజులామె నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలి కింద నొక్కి, వేళ్ళన్నీ ఒకచోటికి చేర్చి, మెల్లగా పిసుకుతూ గాజు ఎక్కించేది. ఒకసారి ఆమె, “ఈ గాజులు బాగానే ఉండాయి కదమ్మా, యాల పగలగొట్టుకుంటావు?” అంది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ నెలలో నన్ను తాకిన మనిషి ఆమె ఒక్కతే. మళ్ళీ ఆ అంగడికి వెళ్ళలేదు.

నేను అద్దెకున్నది బెంగుళూరు బస్టాండు వెనక వీధిలో, ఒక ముసలామె ఇంట్లో. ముందు రెండు గదులు ఆమెవి, వెనక గది నాది. వీధిలో అందరూ బూబమ్మ అనేవారు, నేనూ అదే అన్నాను. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. రోజంతా కుట్టు మిషను ముందు కూర్చుని లంగాలు, రవికెలు కుట్టేది. ఉర్దూ కలిసిన తెలుగు ఆమెది. మొదటి నాలుగేళ్ళూ మా మధ్య పెద్దగా మాటల్లేవు. నీళ్ళొచ్చాయని ఆమె చెప్పేది, కరెంటు పోయిందని నేను చెప్పేదాన్ని.

రెండు వేల ఒకటి చివర్లో ఒక ఆదివారం, ఆమె గదిలోంచి ఏదో వాసన వస్తోందని తొంగి చూశాను. ఎలుక చచ్చిందేమో అనుకున్నాను. ఆమె మిషను తొక్కుతూనే ఉంది. కుడి కాలికి పాత గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపుపచ్చగా తడిసి ఉంది.

“ఏమైంది బూబమ్మా కాలికి?”

“ఏం ల్యా బేటీ. సూది గుచ్చుకునింది. పది దినాలైంది. నొప్పేమీ ల్యా.”

గుడ్డ విప్పితే బొటనవేలి కింద గుంత పడి ఉంది. ఆమె నా మొహం చూసి భయపడింది తప్ప తన కాలు చూసి కాదు. ఆమెకు చక్కెర జబ్బు ఉందని, కాళ్ళలో స్పర్శ పోయిందని మరునాడు ఆసుపత్రిలో తేలింది.

ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఒక పెద్ద సిస్టరు ఉండేది. యాభై దాటి ఉంటుంది. కుప్పం మనిషి, మాటలో కొంచెం తమిళం తగిలేది. పేడ రంగుకు తిరిగిన ఆ పుండును చూసి ఆమె మొహంలో ఏమీ మారలేదు. నన్ను చూసి, “నువ్వేమవుతావు?” అంది.

“వాళ్ళింట్లో బాడుగకుంటాను.”

“సొంతోల్లు ఎవరన్నా ఉండారా?”

“పలమనేరులో తమ్ముడి కూతురు ఉండాది,” అంది బూబమ్మ. “దానికి సంసారముండాది.”

సిస్టరు నాకు చేతి తొడుగులు ఇచ్చింది. “అట్లయితే నువ్వే నేర్సుకో. వారంలో రెండుసార్లు ఈడికి రండి. తక్కిన దినాలు ఇంట్లో నువ్వే కట్టాల. ఊఁ, కాలు పట్టుకో.”

పట్టుకున్నాను. ఆమె సెలైను పోసి కడుగుతుంటే నేను కాలు వదిలేశాను. బయటికి పరుగెత్తి వచ్చాను. తిరిగి వెళ్ళేసరికి సిస్టరు కట్టు కట్టకుండా అలాగే ఆగి ఉంది. “రా, సగమే అయింది,” అంది. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. నా కోసం ఆగింది, అంతే.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆఫీసుకు ముందు బూబమ్మ కాలు నా ఒళ్ళో పెట్టుకుని కడిగేదాన్ని. మొదట్లో ముక్కుకు గుడ్డ కట్టుకునేదాన్ని, తర్వాత మానేశాను. పుండు అంచుల్లో పసుపు తగ్గి ఎరుపు వస్తుంటే ఆసుపత్రికి వెళ్ళినరోజు సిస్టరు వేలితో చూపించి, “ఇది కొత్త కండ. ఇట్లుంటే మంచిది,” అనేది. ఆ ఎరుపు కోసం పొద్దున్నే ఆత్రంగా లేచేదాన్ని. ఆఫీసులో ఎవరో నన్ను ఫోనులో తిడుతుంటే, నేను మనసులో ఆ పుండు ఎంత తగ్గిందో కొలుచుకునేదాన్ని. కట్టు కట్టేటప్పుడు బూబమ్మ చిన్నప్పటి కబుర్లు చెప్పేది. తన పెళ్ళికి పుంగనూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారట. నేను కూడా ఏవేవో చెప్పేదాన్ని. బట్టలంగడి ఆయన సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పింది ఆమెకే.

రెండు నెలలకు పుండు చింతగింజంత అయింది. నా అంత గొప్పది లేదనుకున్నాను.

జనవరిలో మదనపల్లె చలి తెలిసిందే. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బూబమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. కాళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. పొయ్యి మీద నీళ్ళు కాచి తొట్టిలో పోసి, కట్టు విప్పి, రెండు కాళ్ళూ అందులో పెట్టాను.

“కాల్తా ఉండాయా?”

“ల్యా బేటీ. బాగుండాది.”

ఇంకాస్త పోశాను. గిన్నె వేడికి చేతులకు గుడ్డ చుట్టుకుని ఉన్నాను. ఆ నీళ్ళలో నా వేలు పెట్టి చూడలేదు. ఆమె కళ్ళు మూసుకుని, “అల్లా నిన్ను సల్లగా సూడాల,” అంది. కాళ్ళు బయటికి తీసినప్పుడు ఎర్రగా ఉన్నాయి. వెచ్చబడ్డాయి, రక్తం ఆడుతోంది అనుకున్నాను. పొద్దున గుడ్డ తీస్తే పాదాలంతా బొబ్బలు.

కట్ల గదిలో పెద్ద సిస్టరు కాళ్ళు చూసి నా వైపు తిరిగింది.

“ఏం సేసినావు?”

చెప్పాను.

“ఆయమ్మకు కాళ్ళల్లో స్పర్శ ల్యాదని నేను నీకు సెప్పినానా ల్యాదా?”

“చెప్పారు.”

“నీ సెయ్యి పెట్టి సూసినావా?”

తల అడ్డంగా ఊపాను.

“నీ మనసు మంచిదే. రెండు నెల్లుగా సూస్తాండా కదా. దాంతో ఏమయింది సూడు. ఇది ప్రేమతో సేసే పని కాదమ్మా. నేర్సుకోని సేసే పని.”

ఎడమ కాలు మానింది. కుడి కాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. వారం తర్వాత తీసేశారు. బూబమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆపరేషను గది నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టినప్పుడు నా చేయి పట్టుకుని, “నువ్వు మంచికే సేసినావు బేటీ,” అంది. ఆ మాట వినలేక వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఆమె తిట్టి ఉంటే నేను ఆ గది ఖాళీ చేసి ఇంకెక్కడికో పోయి, అన్నీ మరిచిపోయి, ఫిర్యాదులు రాసుకుంటూ ఉండిపోయేదాన్నేమో.

ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. సిస్టర్లు చేసే ప్రతి పనీ చూసేదాన్ని. మందు ఎక్కించేముందు సీసా మీద పేరు రెండుసార్లు చదివేవారు. ముసలివాళ్ళను పక్కకు తిప్పేటప్పుడు భుజం, నడుము ఎక్కడ పట్టాలో తెలుసు వాళ్ళకు. నాకు దయ అనిపించినదంతా వాళ్ళకు పద్ధతి. ఒకరోజు పెద్ద సిస్టరు భోజనం చేస్తూ, నేను అడగకుండానే అంది, “కుప్పంలో నర్సింగ్ స్కూలుండాది. ఇంటర్ సాలు. ముప్పై అయిదు దాటకూడదు. నీకెంత?”

“ముప్పై ఒకటి.”

“మూడున్నరేండ్లు. అందరూ పద్దెనిమిదేండ్ల పిల్లోల్లే ఉంటారు. బాగా ఆలోసన సేసుకో. నేను పో అనల్యా, వద్దనల్యా.”

దరఖాస్తులు ఇచ్చే నెల వచ్చినప్పుడు ఒకరోజు సెలవు పెట్టి కుప్పం బస్సెక్కాను. పుంగనూరు మీదుగానే పోయింది బస్సు. బస్టాండులో పది నిమిషాలు ఆగితే, ఇంటికి పోయి అమ్మకు చెప్పి రావచ్చు అనిపించింది. దిగలేదు. కుప్పంలో స్కూలు ఆఫీసు గుమాస్తా కిటికీలోంచి అడిగాడు.

“పాపకు ఇంటర్‌లో యా గ్రూపమ్మా?”

“పాపకు కాదు. నాకే.”

ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని నన్ను చూశాడు. తర్వాత తలొంచుకుని ఫారం ఇచ్చాడు. వెనక వరుసలో తల్లులతో వచ్చిన ఆడపిల్లలు గుసగుసలాడారు. వాళ్ళు నవ్వారో లేదో తెలియదు. నాకు నవ్వినట్టే వినిపించింది.

తిరుగు బస్సుకు ఇంకా సమయముంది. రైల్వే స్టేషనుకు వెళ్ళి ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నాను. ఫారం ఒళ్ళో ఉంది. బెంగుళూరు బండి వచ్చింది, కూరగాయల గంపలు ఎక్కాయి, బండి వెళ్ళిపోయింది. నెల నెలా వచ్చే జీతం, ఎవరూ తీసేయలేని ఉద్యోగం గురించి ఆలోచించానని చెబితే అబద్ధమే. నన్ను తినేసిన ప్రశ్న వేరే. నాకు నిజంగా ఈ పని కావాలా, లేక ఒంటరిగా ఉండలేక మంచాన పడ్డ మనుషులను వెతుక్కుంటున్నానా? లేవలేనివాళ్ళైతే నన్ను వదిలి పోరని కదూ? బూబమ్మ కాలు ఒళ్ళో ఉన్న పొద్దుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఆమె పుండు నాకు సంతోషమైంది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ బెంచీ మీద దానికి జవాబు దొరకలేదు. తర్వాత కూడా దొరకలేదు.

ఆ ఆదివారం పుంగనూరు వెళ్ళి తమ్ముడికి చెప్పాను. వాడు అప్పటికి దాణా అంగడి పెట్టుకున్నాడు, పెళ్ళయింది. అన్నం తింటున్నవాడు చేయి ఆపేశాడు.

“గవర్మెంటు ఉద్యోగం ఇడిసిపెట్టి నర్సు పని నేర్సుకుంటావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా?”

“ఆ గదిలో నేనుండలేకుండా ఉన్నాన్రా.”

“ఉండలేకపోతే ఇంటికి రా, శని ఆదివారాలు. దానికి ఉద్యోగం ఇడిసిపెట్టాల్నా?” కంచం పక్కకు నెట్టాడు. “అది నీ ఉద్యోగమనుకుంటాండావా? నాయన పేణం పోతే వచ్చింది అది. నేను అప్పుడు పదో తరగతి. రెండేండ్లు ఆగింటే నాకొచ్చింటాది. ఇంటర్ అయినాక నేను ఒక్కమాటన్నా అడిగినానా? అక్క సేస్తాంది గదా అని గమ్మునుండా. ఈ పొద్దు నువ్వు అది వద్దంటాండావు.”

పదకొండేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎన్నాళ్ళ నుంచి లోపల పెట్టుకున్నాడో. వాడు చెప్పింది నిజమే. అమ్మ వాకిలి దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూస్తోంది.

మదనపల్లె వచ్చి బూబమ్మకు చెప్పాను. ఆమె అయినా వెళ్ళమంటుందనుకున్నాను. ఆమె మిషను చక్రం మీద చేయి పెట్టి ఆపింది.

“పోవద్దు బేటీ,” అంది. “నువ్వు పోతే నాకెవరుండారు?”

అంత నేరుగా నన్నెవరూ ఉండమని అడగలేదు అంతకుముందు. నేర్చుకుని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకు చేయడానికి, నేను తెలియక వేళ్ళు పోగొట్టిన మనిషిని వదిలి పోవడమా? ఫారం తీసి ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద పెట్టేశాను. పోకూడదనే అనుకున్నాను. ఐదారు రోజులు ఆ అనుకోవడంతోనే హాయిగా తిరిగాను కూడా.

గడువు ఇంకో వారం ఉందనగా అమ్మ వచ్చింది. ఒక్కతే బస్సెక్కి, బస్టాండులో నలుగురిని అడిగి, చేతిసంచితో నా గది ముందు నిలబడింది. నేను మదనపల్లె వచ్చిన ఐదేళ్ళలో ఆమె రావడం అదే మొదలు. ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని.

అన్నం వండాను. వడ్డించబోతే ఒకటే కంచం. ఒకటే లోటా. అమ్మకు పెట్టి, ఆమె తిన్నాక కడుక్కుని నేను తిందామనుకున్నాను. ఆమె కంచం చూసింది, గూట్లో చూసింది, నన్ను చూసింది.

“ఇంగో తట్ట ల్యాదా?”

“ఎవరొస్తారని?”

అమ్మ కంచం మధ్యలో పెట్టి, “కూసో. ఇద్దరమూ దీన్లోనే తిందాం,” అంది. తిన్నాం. తర్వాత నన్ను గడప మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. నా తలలో తెల్లవెంట్రుకలు చూసిందేమో, ఒకచోట ఆమె వేళ్ళు ఆగాయి. ఉద్యోగం మాట ఎత్తలేదు. మరునాడు బూబమ్మ దగ్గర కూర్చుని, రెండు వేళ్ళు లేని ఆమె పాదాన్ని కళ్ళారా చూసి, ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. మూడో రోజు బస్టాండుకు తీసుకెళ్ళాను. బస్సు కిటికీ దగ్గర కూర్చున్నాక చెప్పింది.

“రాజీనామా కాగితం రాస్తావు గదా, దాన్లో మీ నాయన సంగతి ఎత్తొద్దు.”

“నేను రాస్తానని ఎవరు చెప్పారు?”

“మాట ఇను. పదకొండేండ్లు కూసోని సేసినావు. ఇంగ అది నీ ఉద్యోగమే. వదిలేది నువ్వు. సచ్చిపోయినాయన్ని దాన్లోకి లాగొద్దు. నీ తమ్మునికి నేను సెప్పుకుంటా.”

బస్సు కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు. ఆమెకు బస్సులో వెనక్కి చూస్తే తల తిరుగుతుంది.

ఫారం బయటికి తీసి, నింపి పంపాను. సీటు వచ్చిందని ఉత్తరం రాగానే రాజీనామా తీసుకుని మా అధికారి ముందు నిలబడ్డాను. ఆయన చదివి, నా వైపు తోసి, “సోమవారం దాకా పెట్టుకోమ్మా. సోమవారం కూడా ఇదే మనసైతే తీసుకుంటా,” అన్నాడు. మంచి మనిషి. సోమవారం తీసుకెళ్ళాను. తీసుకున్నాడు.

బూబమ్మకు తోడుగా పలమనేరు నుంచి తమ్ముడి కూతురు సంసారంతో సహా వచ్చింది. నా గది వాళ్ళు తీసుకున్నారు. నేను వెళ్ళేరోజు బూబమ్మ మిషను ఆపలేదు. “దినమూ కాలు సూసుకో బూబమ్మా, అద్దం కింద పెట్టుకుని సూసుకో,” అని చెబితే తలాడించింది. నా వైపు చూడలేదు. దసరా సెలవుల్లో వెళ్ళేసరికి ఇంటికి తాళముంది. మేనకోడలు తనతో పలమనేరు తీసుకెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. చిరునామా ఎవరి దగ్గరా లేదు. పలమనేరులో రెండుసార్లు వెతికాను. దొరకలేదు. ఇప్పటికీ ఆమె ఏమైందో నాకు తెలియదు.

కుప్పం హాస్టలులో నేను ఒంటరితనం పోతుందనుకుని వెళ్ళాను. ఒక గదిలో ఎనిమిది మందిమి. ఆ పిల్లలు మంచివాళ్ళే. మొదటి నెల అక్కా అన్నారు, తర్వాత తెలియకుండానే ఆంటీ అనడం మొదలుపెట్టారు. నేను లోపలికి రాగానే మాటలు ఆపేసేవారు. ఆదివారం వాళ్ళవాళ్ళు డబ్బాల్లో పులిహోర, జంతికలు తెచ్చేవారు. నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని. పదేళ్ళు చదువు మరిచినదాన్ని, ఎముకల పేర్లు ఎంతకీ తలకెక్కేవి కావు. రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను. రెండుసార్లూ ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ విప్పాను.

మూడో ఏడు వార్డులో ఉండగా, గ్రానైటు క్వారీలో బండ మీద పడి నలిగిన మనిషిని తెచ్చారు. ఎక్కడో ఉత్తరాది నుంచి పనికొచ్చినవాడు. తెచ్చినవాళ్ళు చేర్చి వెళ్ళిపోయారు. అతని మాట మాలో ఎవరికీ రాదు. లోపల దెబ్బతిన్నాడు, నిలవడని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం అతని దగ్గర ఉండడం నా డ్యూటీ. గంటకోసారి నాడి చూసి, రాసి, పెదవులు తడి గుడ్డతో తుడిచి, పక్కకు తిప్పాను. భుజం, నడుము ఎక్కడ పట్టాలో నా చేతులకు తెలుసు. అతను నా మణికట్టు పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరికో చెప్పమంటున్నాడని మాత్రం తెలిసింది. నేను వింటూ తలాడించాను. నాలుగు గంటలకు పోయాడు. సిస్టరు, నేను కలిసి ఒళ్ళు తుడిచి, గడ్డం కింద గుడ్డ కట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చాం. నేను ఏడవలేదు. చార్టులో సమయం రాసి సంతకం పెట్టి, పక్క మంచం ఆమెకు మందు ఇవ్వాల్సిన వేళైతే ఇచ్చాను. డ్యూటీ దిగి మెట్ల మీద కూర్చున్నప్పుడు, నేను మళ్ళీ ఆ పనికి రేపు పొద్దున వెళ్తానని, వెళ్ళాలనే ఉందని తెలిసింది. రైల్వే స్టేషను బెంచీ మీద నన్ను నేను అడిగిన దానికి అది జవాబు కాదు. కానీ అప్పటి నుంచి పెట్టె సర్దలేదు.

తమ్ముడు నాతో మూడున్నరేళ్ళు మాట్లాడలేదు. నేను ఇంటికి వెళితే అంగడికి పోయేవాడు. ఆఖరి పరీక్షలైన వారంలో ఒక పొద్దున వాచ్‌మన్ వచ్చి, మీకోసం ఎవరో వచ్చారన్నాడు. తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. దాణా బస్తాల పని మీద కుప్పం వచ్చాడట. బొజ్జ వచ్చింది, జుట్టు పల్చబడింది. వేప చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాం. దాణా ధరలు ఎట్లా ఉన్నాయో చెప్పాడు. పుంగనూరులో పాల డెయిరీ దగ్గర రోడ్డు తవ్వేశారని చెప్పాడు.

“పరీక్షలు అయిపోయినాయా?”

“అయిపోయాయి.”

“ఇంగ యాడ సేస్తావు?”

“తెలీదు. పర్మనెంటు అయితే ఇప్పుడే దొరకదు.”

దానికేమన్నా అంటాడేమో అనుకున్నాను. వాడు చొక్కా చేయి పైకి మడిచి, చేతిని నా ముందుకు చాపాడు.

“బీపీ సూస్తావా? తల నొస్తా ఉండాది ఈ మధ్య.”

లోపలికి వెళ్ళి మిషను తెచ్చాను. పట్టీ చుట్టి, స్టెతస్కోపు పెట్టి చూశాను. ఎక్కువుంది. నమ్మకం లేక రెండో చేతికి కూడా చూశాను. అదీ ఎక్కువే.

“డాక్టరుకు చూపించాలిరా. ఈ రోజే. నేనొస్తాను.”

“ఈ రోజు కాదులే అక్కా. లోడు నిల్సిపోయుండాది. పుంగనూరులో సూపిచ్చుకుంటా.”

“చూపించుకోవు నువ్వు.”

“సూపిచ్చుకుంటా అన్న్యా గదా.” చొక్కా చేయి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. “ఉప్పు తగ్గించాల్నా?”

“తగ్గించాలి. ఊరగాయ మానేయాలి.”

“అది మాత్రం కాదు,” అని లేచాడు.

గేటు దాకా వెళ్ళాను. వాడు రోడ్డు దాటి, లారీ ఆపిన వైపు నడిచాడు. నేను లోపలికి వచ్చి ఒక కాగితం మీద రెండు చేతుల బీపీ అంకెలూ, తేదీ, మందుల దుకాణంలో అడగవద్దు, డాక్టరునే అడుగు అన్న మాటా రాసి, చదివించుకుని వాడిని పంపుతుందని అమ్మ పేరున ఇంటికి పోస్టు చేశాను.